మన బస్తీల్లో వసంతం: బసంత్ నాటి నుంచి గండిపేట షికారు దాకా

మన పండుగలకు ఋతువు లేదు. ఈ మాట కొందరికి వింతగా తోచవచ్చు గాని లెక్క చూస్తే నిజం. హిజ్రీ సంవత్సరం చంద్రుని లెక్క మీద నడిచేది. సూర్యుని సంవత్సరం కన్నా అది సుమారు 11 రోజులు చిన్నది. కావున రంజాన్ అయినా, బక్రీద్ అయినా, మిలాద్ అయినా ఏటేటా పదకొండు రోజులు ముందుకు జరిగి, దాదాపు 33 ఏళ్లలో ఋతువులన్నీ చుట్టి మళ్లీ మొదటికి వస్తాయి. మే నెల ఎండలో నాలుక పిడచకట్టుకుపోగా రోజా ఉన్నవారే, కొన్నేళ్లకు డిసెంబరు చలిలో దుప్పటి కప్పుకుని సహరీకి లేస్తారు. ఇందులో ఒక న్యాయం ఉంది. ఏ దేశంవాడికీ ఎప్పుడూ సుఖమే, ఎప్పుడూ కష్టమే అని ఉండదు.

మరి వసంతం మాటేమిటి? మామిడి పూత, వేప చిగురు, మోదుగ పూలు, సాయంకాలం వీచే చల్లగాలి ఇవన్నీ సూర్యుని లెక్క మీద వచ్చేవి. హిజ్రీ నెలల్లో వాటికి స్థిరమైన తావు లేదు. అయినా హైదరాబాదు ముస్లిములు నాలుగు వందల ఏళ్లుగా వసంతంలో గుమిగూడుతూనే వచ్చారు, పిల్లాజెల్లాతో ఊరి బయటికి పోతూనే వచ్చారు. ఏ కేలండరు చూసుకుని పోయారు? ఒక్క మాటలో చెప్పాలంటే పక్కింటివాడి కేలండరు చూసుకుని. ఒకసారి అది తెలుగువాడిది, ఒకసారి ఇరానువాడిది, ఒకసారి సర్కారు కచేరీది, మరోసారి ఒక ఫ్రెంచివాడిది కూడా. ఆ కథలు మన సభ్యులకు, ముఖ్యంగా మన పిల్లలకు చెప్పాలన్నదే ఈ వ్యాసం ఉద్దేశం.

ముందు గోలకొండ. హైదరాబాదు నగరాన్ని 1591లో కట్టించిన మహమ్మద్ కులీ కుతుబ్‌షా (పాలించిన కాలం 1580 నుంచి 1612) రాజు మాత్రమే కాదు, దక్కనీ భాషలో పెద్ద కవి. ఆయన చనిపోయిన తరువాత, గద్దెనెక్కిన మహమ్మద్ కుతుబ్‌షా ఆ కవితలన్నీ ఒకచోట చేర్పించాడు. మన కాలానికి దగ్గరగా, 1940లో, డాక్టర్ మొహియుద్దీన్ ఖాద్రీ జోర్‌గారు ఆ సంపుటిని పరిష్కరించి అచ్చు వేయించారు. అందులో మిలాద్ మీద కవితలున్నాయి, షబే బరాత్ మీద ఉన్నాయి, ఈద్ మీద ఉన్నాయి. వాటి పక్కనే బసంత్ మీద, నౌరోజ్ మీద, చలికాలం మీద, తొలకరి వానల మీద కూడా ఉన్నాయి. తొలకరిని ఆయన ‘మిర్గ్’ అన్నాడు. అది మరేమీ కాదు, మన రైతులు చెప్పే మృగశిర కార్తె. అనగా సింహాసనం మీది సుల్తానుకు హిజ్రీ తేదీలతోబాటు కార్తెలు కూడా నోటికి వచ్చేవన్నమాట.

బసంత్ ఉత్తరాది నుంచి వచ్చింది. ఢిల్లీలో హజ్రత్ నిజాముద్దీన్ ఔలియా దర్గాలో నేటికీ బసంత్ జరుపుతారు. దాని వెనుక ఒక కథ చెబుతారు. ఔలియావారు తమ మేనల్లుడు చిన్న వయసులో కన్నుమూయగా దుఃఖంలో మునిగి, నవ్వు మరచిపోయారట. శిష్యుడు అమీర్ ఖుస్రో ఒకరోజు దారిలో పసుపుపచ్చని బట్టలు కట్టి, ఆవపూలు పట్టుకుని గుడికి పోతున్న ఆడవాళ్లను చూసి, అడిగి తెలుసుకుని, తానూ అదే వేషంలో గురువు ముందుకు వచ్చాడట. గురువు ముఖాన నవ్వు విరిసింది. కథలో చరిత్ర ఎంత అని తవ్వడం నాకిష్టం లేదు. దుఃఖంలో ఉన్న ఇంటికి పక్కవీధి పండుగ మందుగా పనికివచ్చిందని ఏడు వందల ఏళ్లుగా జనం నమ్ముతున్నారు, నాకది చాలు.

అయితే దక్కనుకు వచ్చేసరికి ఒక తేడా ఉంది. ఢిల్లీలో కనుచూపు మేర పూచే ఆవచేలు మనకు లేవు. మన వసంతపు రంగు వేరు. వికారాబాదు, తాండూరు వైపు పొలాల్లో యాసంగిలో వేసే కుసుమ పంట పసుపుగా పూచి ఎర్రబారుతుంది. ఆ రేకుల నుంచే పూర్వం బట్టలకు అద్దకపు రంగు తీసేవారు. అటు తరువాత ఆకురాలిన అడవిలో మోదుగ పూస్తుంది. ఆ పూలు నానబెట్టిన నీళ్లే పల్లెల్లో కాముని పున్నమికి వసంతం. రంగునీళ్లను మన భాషలో ‘వసంతం’ అనే అంటాము, ఇది గమనించదగ్గ విషయం. గోలకొండకు రెండు వందల ఏళ్ల ముందే కొండవీటి రెడ్డిరాజు కుమారగిరి రెడ్డి ఏటా వసంతోత్సవాలు చేయించి, కర్పూరం వెదజల్లించి ‘కర్పూర వసంతరాయలు’ అని పేరు పొందాడు. అతనికి సుగంధద్రవ్యాలు తెప్పించి ఇచ్చిన వర్తకుడు అవచి తిప్పయ్యసెట్టి. శ్రీనాథుడు హరవిలాసం అంకితమిచ్చింది ఆయనకే. మహమ్మద్ కులీ తండ్రి ఇబ్రహీంనేమో తెలుగు కవులు మల్కిభరాముడని పిలిచి కావ్యాలు అంకితమిచ్చారు. ఇటువంటి నేల మీదికి బసంత్ వచ్చింది. కొత్త చుట్టంలా కాదు, ఇల్లు తెలిసిన చుట్టంలా వచ్చింది.

ఆ చుట్టానికి పీట ఎక్కడ వేశారు? తోటల్లో. పదిహేడవ శతాబ్దంలో వచ్చిన ఫ్రెంచి యాత్రికులు తవెర్నియే, థెవెనో ఈ ఊరి పేరు బాగ్‌నగర్ అనే రాసుకున్నారు. భాగ్యమా, బాగా (అనగా తోటా) అన్న తగవు పండితులకు వదిలేద్దాం. ఇన్ని తోటల పేర్లు మోసే ఊరు మాత్రం అరుదు. బాగ్ లింగంపల్లి, బషీర్‌బాగ్, జాంబాగ్, రాంబాగ్, కుందన్‌బాగ్, కిషన్‌బాగ్, బాగ్ అంబర్‌పేట, ఇలా చెబుతూ పోవచ్చు. వీటిలో ఎక్కువ చోట్ల నేడు మిగిలింది పేరే. సిటీ బస్సు బోర్డు మీద తోట ఉంది, దిగి చూస్తే లేదు.

ఇక్కడ గోషామహల్ గురించి రెండు మాటలు చెప్పాలి. ‘గోషా’ అంటే పారశీకంలో మూల, ఏకాంతం. పరదాకు తెలుగులో వాడే ‘ఘోషా’ అన్న మాట దాని నుంచి వచ్చిందే. విశాఖపట్నంలో ఆడవారి ఆసుపత్రిని జనం ఘోషా ఆసుపత్రి అనే అంటారు. ఆఖరి కుతుబ్‌షాహీ సుల్తాను అబుల్ హసన్ తానీషా కాలంలో కట్టిన గోషామహల్ అంతఃపుర స్త్రీల విహారం కోసం ఉద్దేశించినది. తోట, నీళ్లు, నడుమ బారాదరి. బారాదరి మిగిలింది గాని 1872 నుంచి అది ఫ్రీమేసన్ల లాడ్జి అయింది. తోట సంగతి చెప్పనక్కర లేదు. నేను దీన్ని ఎందుకు ఎత్తుకున్నానంటే, వసంత విహారం అన్నది మొదటి నుంచీ ఆడవారి అవసరం. మగవాడు ఏ ఋతువులోనైనా చాయ్‌ఖానాలో కూర్చోగలడు. గాలి కోసం ఇంట్లోంచి బయటపడడానికి ఒక సాకు, ఒక చోటు కావలసింది ఆడవారికే. సుల్తాను బేగములకు ఒక మహలు కట్టించాడు. బస్తీలోని బీద ఇల్లాలికి దర్గా, చెరువుగట్టు, గుట్ట ఇవే గోషామహళ్లు.

గుట్ట అనగానే మౌలాలీ గుర్తుకు రావాలి. గుట్ట కింద మహలఖా బాయి చందా 1792లో తన తల్లికి కట్టించిన సమాధి, తోట ఉన్నాయి. 1824లో ఆమెను కూడా అక్కడే ఖననం చేశారు. ఉర్దూలో దీవాన్ గల తొలి స్త్రీలలో ఆమెను లెక్కిస్తారు. మౌలాలీ గుట్ట మీద జాతర రజబ్ నెల 13 నుంచి 17 వరకు నడుస్తుంది. ఇది చంద్రుని లెక్క కాబట్టి వసంతంలో పడాలంటే అదృష్టం ఉండాలి. 1988లో మార్చి మొదట్లో పడింది, మళ్లీ 2020లో మార్చి రెండో వారంలో పడింది. జీవితంలో రెండుసార్లు అటువంటి మౌలాలీని చూసినవారు అదృష్టవంతులే.

ఇక సర్కారు కేలండరు. పంట శిస్తు వసూలుకు హిజ్రీ లెక్క కుదరదు. రైతు పంట సూర్యుణ్ణి బట్టి పండుతుంది, పంట ఇంటికి రాకముందే సంవత్సరం మారితే శిస్తు ఎలా కడతాడు? అందుకని మొగలుల కాలంలో ఫసలీ లెక్క పుట్టింది. ఫసల్ అంటే పంట. క్రీస్తు శకంలో 590 తీసివేస్తే ఇంచుమించు ఫసలీ సంవత్సరం వస్తుంది. నిజాం సర్కారులో దీనికి ఇరానీ నెలల పేర్లు పెట్టారు. అక్టోబరు మొదటి వారంలో ఆజుర్‌తో కొత్త సంవత్సరం మొదలు. ఇరానులో ఫర్వర్దీన్ అంటే మార్చి చివర, నౌరోజ్‌తో మొదలయ్యే వసంత మాసం. మన ఫసలీలో మాత్రం ఫర్వర్దీ ఫిబ్రవరిలోనే వచ్చేది, ఉర్దీబెహిష్త్ మార్చిలో వచ్చేది. కచేరీ లెక్కల కోసం జరిపిన మార్పే గాని, మన వసంతం ఇరాను వసంతం కన్నా ఒక నెల ముందు వస్తుందన్నది ఎవరికి తెలియదు! మార్చి 21న నౌరోజ్ వచ్చేసరికి ఇరానులో మంచు కరుగుతుంటుంది, మన దారుల్‌షిఫాలో షర్బత్తుకు ఐసు వెతుక్కుంటుంటారు. సంస్థానం ఇండియాలో కలిసిన తరువాత ఫసలీ కేలండరు రెవెన్యూ కాగితాల్లోకి వెళ్లి దాక్కుంది. పాత పట్టాలు చదవవలసి వచ్చినవారికి ఈ నెలల పేర్లు తెలిసే ఉంటాయి.

ఇప్పుడు ఫ్రెంచివాడి సంగతి. ఇది మలక్‌పేట, సైదాబాదు వైపు ఉన్న మన సభ్యులకు సొంత ఊరి ముచ్చట.

మూసారాంబాగ్ అన్న పేరులో ఉన్న రాముడెవరు? మిషెల్ జోయాకిమ్ మారీ రేమండ్ అనే ఫ్రెంచివాడు. 1755లో పుట్టి, 1775లో వర్తకం కోసం పుదుచ్చేరికి వచ్చి, తరువాత రెండవ నిజాం అలీఖాన్ కొలువులో చేరి, వేల మంది సిపాయిలున్న దళానికి అధిపతి అయ్యాడు. అబిడ్స్ దగ్గర గన్‌ఫౌండ్రీ అని ఇవాళ మనం పిలిచే పేట, అతని హయాంలో ఫిరంగులు పోతపోసిన తోప్ కా సాంచా. ఫ్రెంచివారు పెద్దమనిషిని ‘ముస్యూ’ అంటారు. ఆ మాట మన నోట మూసా అయింది, రేమండ్ ఏమో ముస్లిములకు రహీం అయ్యాడు, హిందువులకు రాం అయ్యాడు. ఒకే మనిషి సగం ఊరికి మూసా రహీం, సగం ఊరికి మూసా రాం. ఈ పేరు మార్పు ఎవరూ తీర్మానం చేసి పెట్టింది కాదు. జనం నోళ్లే పెట్టాయి.

అతను 1798 మార్చి 25న మరణించాడు. ఆస్మాన్‌గఢ్ దగ్గర గుట్ట మీద సమాధి చేశారు. ఎత్తయిన రాతి స్తంభం, దాని మీద జె.ఆర్. అన్న రెండక్షరాలు, పక్కనే స్తంభాల మంటపం. అతను పోయిన ఏడు నెలలకే, అదే 1798 అక్టోబరులో, ఇంగ్లీషువారు అతని దళాన్ని ఆయుధాలు దింపించి రద్దు చేయించారు. దానితో హైదరాబాదులో ఫ్రెంచివారి పలుకుబడికి నూకలు చెల్లాయి. అతని సైన్యం పోయింది, అతని రాజకీయం పోయింది. కాని ఏటా మార్చి 25న ఆ గుట్ట మీద ఉర్సు మాత్రం సుమారు నూటయాభై ఏళ్లు నిలిచింది. 1940ల దాకా అన్ని మతాలవారూ ఆ రోజు అక్కడికి వచ్చేవారు. ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ ఆ రోజున ఒక పెట్టె చుట్టలు, ఒక సీసా బీరు సమాధికి పంపేవాడని చెప్పుకుంటారు. మన సంచికలో ఈ మాట రాసినందుకు కొందరు పెద్దలు ముఖం చిట్లించవచ్చు. కాని చనిపోయినవాడి ఇష్టాన్ని చనిపోయినవాడి లెక్కలోనే గౌరవించిన రాజు మర్యాద అది, మన మర్యాద కాదు.

ఈ ఉర్సులో నన్ను ఆకర్షించిన సంగతి తేదీ. మామూలుగా ఉర్సులు హిజ్రీ తేదీల మీద జరుగుతాయి కాబట్టి ఋతువులన్నీ తిరుగుతాయి. ఇతను ఫ్రెంచివాడు కాబట్టి ఉర్సు ఇంగ్లీషు తేదీకి కట్టుబడి, ఎప్పుడూ వసంతంలోనే వచ్చింది. గుట్ట మీద గాలి, కింద తోటలు. మలక్‌పేట బస్తీలకు ఏటా తప్పకుండా వచ్చే వసంత విహారం ఒకటి దొరికింది. ఇటువంటివి జిల్లాల్లోనూ ఉన్నాయి. సూర్యాపేట జిల్లా పాలకీడు మండలంలోని జాన్‌పహాడ్ సైదులు ఉర్సు ఏటా జనవరిలోనే జరుగుతుంది, కోతలైన చేతులతో హిందూ ముస్లిం రైతులు బండ్లు కట్టుకుని వస్తారు. దేవుని కడపలో ఉగాదినాడు ముస్లిములు వేంకటేశ్వరుని గుడికి వెళతారు, బీబీ నాంచారి తమ ఇంటి ఆడపడుచు అని వారి మాట. ధార్మికంగా వీటిని గురించి మన ఉలేమాలు చెప్పేది వారు చెబుతారు, అది వారి పని. చరిత్ర రాసేవాడి పని జరిగింది జరిగినట్లు చెప్పడం.

1908 సెప్టెంబరు 28న మూసీ వరద వచ్చి నగరాన్ని ముంచింది. మళ్లీ అటువంటిది జరగకుండా 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్ కట్టారు. వరద ఆపడానికి, తాగునీటికి కట్టిన చెరువులు మన బస్తీలకు మూడో మేలు కూడా చేశాయి. షికారుకు చోటు దొరికింది. గండిపేట నీళ్లు తాగినవాడు హైదరాబాదు వదలడని సామెతే పుట్టింది. అంతకు ముందు ఆ మర్యాద 1800ల మొదట్లో కట్టిన మీర్ ఆలం చెరువుది. ఇరవై ఒక్క కమానులు వరుసగా నిలిచిన ఆ కట్ట చూడడానికే జనం పోయేవారు. 1963లో దాని పక్కనే నెహ్రూ జూ తెరిచినప్పటి నుంచి పాతబస్తీ పిల్లలకు ఈద్ మరునాడు జూకు పోవడం దాదాపు ఆచారమైపోయింది.

1970లలో మా బస్తీవాళ్లు వేసుకున్న గండిపేట షికార్లు నాకు బాగా గుర్తు. అప్పట్లో రంజాన్ ఆగస్టు, సెప్టెంబరుల్లో పడేది కాబట్టి ఫిబ్రవరి, మార్చి నెలలు ఖాళీ. ఆ దశాబ్దం చివర మిలాద్ ఫిబ్రవరిలోనే వచ్చింది. జల్సాకు వసూలైన చందాలో మిగిలినదానికి ఇంటికింత అని కలిపి ఒక ఆదివారం ఆర్టీసీ బస్సు మాట్లాడేవారు. ఇవ్వలేని ఇళ్లను అడిగేవారు కాదు. ఎవరిచ్చారో ఎవరివ్వలేదో లెక్కరాసిన పెద్దమనిషికి తప్ప మరొకరికి తెలిసేది కాదు. ఇది చిన్న విషయంగా కనిపిస్తుంది గాని బస్తీ మర్యాద అంతా అందులోనే ఉంది.

ముందు రాత్రి నుంచే ఇళ్లలో తోషా తయారీ. ప్రయాణానికి కట్టుకుపోయే తిండిని మనవాళ్లు తోషా అంటారు, తెలుగువారు సద్ది అన్నట్లు. పూరీలు, ఖాగీనా, వేయించిన గోష్త్, దహీ కీ చట్నీ. అప్పుడప్పుడే వస్తున్న పచ్చిమామిడితో పుల్లని దాల్. అక్కడికి పోయాక మూడు రాళ్లు పెట్టి ఖిచిడీ వండి, ఖీమా, ఖట్టాతో వడ్డించేవారు. వంట మగవాళ్లే చేసేవారు, ఆడవాళ్లు ఆ రోజు వంట ముట్టకూడదని నియమం. దాదీమాలు మాత్రం ఊరుకునేవారు కాదు, కూర్చున్నచోటి నుంచే ఉప్పు గురించి కేకలు వేసేవారు. చెట్లకు దుప్పట్లు కట్టి ఒక పక్క జనానా. భోజనాల తరువాత ఖాలాలు, ఫుప్పూలు చెట్లకు ఊయల వేసుకునేవారు. బస్తీ గల్లీలో తల వంచి నడిచే మనిషి అక్కడ ఊయల మీద పైకి లేచి నవ్వితే, ఈమె మన ఇంటి మనిషేనా అనిపించేది. పక్కింటి లక్ష్మమ్మవదిన, ఆమె పిల్లలు కూడా మాతోనే. ఆమె కోసం వేరే గిన్నెలో పప్పు వండేవారు, ఆమె ఉగాది పచ్చడి చేసి మాకు పంపేది.

ఎప్పుడూ సాఫీగా జరిగిందని చెప్పను. ఒక ఏడు దగ్గరున్న ఒక తోటకు పోతే, గేటు దగ్గర కాపలావాడు దేగిశాలు లోపలికి రానివ్వలేదు. టికెట్టు కొనుక్కున్నవాళ్లు టికెట్టు చూసుకోవాలి గాని వంటలు చేయకూడదన్నాడు. నలభై మందిమి రోడ్డు పక్క చింతచెట్టు కింద తిని తిరిగి వచ్చాం. ఆ తోట పేరు ఇప్పుడెందుకు. కాని డబ్బున్నవాడు హోటలులో కొనుక్కుని తింటాడు, లేనివాడు వండుకుని తింటాడు, వంట కూడదన్న తోట లేనివాడికి తలుపు మూసినట్లేనన్న సంగతి ఆనాడే అర్థమైంది.

నుమాయిష్ గురించి పొడిగా చెప్పలేక పోతున్నాను గాని అది అందరికీ తెలిసినదే. ఉస్మానియా పట్టభద్రులు 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో మొదలుపెట్టారు, 1946లో నాంపల్లి మైదానానికి మారింది. జనవరి 1 నుంచి ఫిబ్రవరి 15 వరకు జరిగే లెక్క కాబట్టి అది ముగిసే నాటికి బసంత్ గాలి వీస్తుంది. అందులో ఒక రోజు ఆడవారికే కేటాయించే ఆచారం ఉంది చూశారూ, అది గోషామహల్ ఆలోచనకు మనుమరాలు వంటిది.

ఇక ఇటీవలి మాట. 2023లో మొదటి రోజా మార్చి 24న, 2024లో మార్చి 12న, 2025లో మార్చి 2న వచ్చింది. అనగా ఈ కొన్నేళ్లు వసంతమే రంజాన్. పగటి షికార్లు లేవు, వసంతమంతా రాత్రికి మారింది. చార్మినార్, పత్తర్‌గట్టి దీపాల్లో తెల్లవార్లూ తిరగడమే విహారం. అంతకు ముందు ఇలా జరిగింది 1990ల మొదట్లో. ఆ విరామంలో మన షికార్ల అలవాటు తప్పింది. తరువాత వసంతం ఖాళీ అయినా చాలా బస్తీలు తిరిగి మొదలుపెట్టలేదు. టీవీ వచ్చింది, ఫంక్షన్ హాళ్లు వచ్చాయి, అందరూ వాటి మీదికే నేరం తోస్తారు. నాకు తోచిన అసలు కారణం వేరు, పోవడానికి చోట్లు తగ్గాయి. మన చిన్నతనంలో ప్రతి బస్తీకి నడిచిపోయే దూరంలో ఒక చెరువుగట్టు ఉండేది.

చెరువు పోతే పోయేది షికారు ఒక్కటే కాదు. 2020 అక్టోబరు వానలకు బాలాపూర్ వైపు గుర్రం చెరువు కట్ట తెగి హాఫిజ్ బాబానగర్ ఇళ్లు మునిగాయి. మన సభ్యుల బంధువులే ఎంతోమంది పరుపులు, పత్రాలు, పిల్లల పుస్తకాలు పోగొట్టుకున్నారు. నీరు తన చోటును మరచిపోదు. ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ చుట్టూ పది కిలోమీటర్ల మేర కట్టడాలను కట్టడి చేస్తూ 1996లో ఇచ్చిన 111 నంబరు జీవోను సడలిస్తూ 2022లో 69 నంబరు జీవో వచ్చింది. అక్కడ భూములున్న రైతుల బాధ నిజమే, దాన్ని తీసిపారేయకూడదు. కాని 1908 వరద చూసి కట్టిన చెరువులవి. ఈ విషయం మీద మన సొసైటీ కూడా ఒక మాట చెప్పవలసిన సమయం వచ్చిందని నా అభిప్రాయం. నీళ్లకు హిందూ బస్తీ, ముస్లిం బస్తీ అన్న తేడా తెలియదు కనుక ఆ మాట ఇరుగుపొరుగు సంఘాలతో కలిసి చెబితే మరీ మంచిది.

రేమండ్ సమాధి పక్కనున్న మంటపం 2001 అక్టోబరు వానలకు కూలిపోగా తరువాత మళ్లీ కట్టారు. రాతి స్తంభం మాత్రం కదలకుండా నిలిచింది. చుట్టూ ఇళ్లు పెరిగాయి గాని గుట్ట మీద గాలి తగ్గలేదు. రంజాన్ ఏటా వెనక్కి జరుగుతూ 2028లో జనవరి చివర మొదలవుతుంది, ఫిబ్రవరి చివరికల్లా ఈద్ అయిపోతుంది. మార్చి అంతా ఖాళీ. ఆ ఏడు మార్చి 25 శనివారం. మూసారాంబాగ్ నుంచి గుట్ట నడిచిపోయే దూరమే, బస్సు మాట్లాడే ఖర్చు కూడా లేదు. తోషా ఎవరింటికి వారు కట్టుకు రావచ్చు, నీళ్లు మాత్రం కింది నుంచే మోసుకుపోవాలి.